పై గది, నీళ్ళ ట్యాంకు, తదితర అంశాల బిల్లు

కుట్టు దుకాణం,
ఫిబ్రవరి 6

కోడలు పిల్లకి,

అత్త రాసేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఎవరితో ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి గొడవలు కూడా లేవు. మీ నాన్న, మీ బాబాయి నీళ్ళ ట్యాంకు దగ్గర మొదలుపెట్టి, వీధి దీపం వెలుగు ఎవరి కిటికీలో పడాలన్న దాకా వచ్చారు. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. నీకు చెప్పొద్దంది, చెబితే సెలవు పెట్టి రావని.

అసలు సంగతికి వస్తాను. మీ ఆఫీసు గురించి పేపర్లో పడింది. తేనెటీగలు, బాయిలర్లు, శ్మశానాలు, డ్రైవింగు పరీక్షలు, కుక్కల లైసెన్సులు, అన్నీ కలిపి ఒకే బిల్లుగా సభలో పెడుతున్నారట. నాలుగు వందల పేజీలట. దుకాణంలో మిగిలిన గుడ్డముక్కలతో నేను బొంత కుడితే మీ నాన్న వెక్కిరిస్తాడు, దేశాన్నేలేవాళ్ళు కుడితే పేపర్లో వేస్తారు. నవ్వుకున్నాను. తర్వాత నాకో ఆలోచన వచ్చింది.

ఎదురు దుకాణం కళ్ళజోళ్ళాయన నీకు తెలుసు. నీ మొదటి కళ్ళజోడు ఆయన బిగించిందే. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఈమధ్య వారం వారం చొక్కా జేబు చిరిగిందని తెస్తున్నాడు. స్క్రూడ్రైవరు పొడుచుకుందంటాడు. మొన్న తెచ్చింది చూస్తే కత్తెరతో కత్తిరించిన జేబు. ఇన్నేళ్ళుగా బట్టతో బతుకుతున్నదాన్ని, చిరుగుకీ కత్తిరింపుకీ తేడా తెలియదా? అడిగేశాను. ఆయన ఎర్రబడి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "మనం పెళ్ళి చేసుకుందామా" అన్నాడు. నాకు యాభై మూడు, ఆయనకి యాభై ఎనిమిది. సరేనన్నాను. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

చిక్కు ఎక్కడంటే, ఆయన దుకాణం వెనక గదిలో ఉంటాడు. ఇంటివాడు మార్చి చివరికి ఆ గది ఖాళీ చేయమన్నాడు. చోటు దొరక్కపోతే దుకాణం కట్టేసి తమ్ముడున్న ఊరికి పోతాడు. నా పై గదిలో ఇద్దరం హాయిగా సరిపోతాం. కానీ ఇల్లు ముగ్గురిదీ. కొత్త మనిషి లోపలికి రావాలంటే ముగ్గురూ ఒప్పుకోవాలని మీ తాతయ్య రాసిపోయాడు. మీ నాన్న ఔనంటే మీ బాబాయి కాదంటాడు. ముందు మీ బాబాయిని అడిగితే మీ నాన్న కాదంటాడు. మీ తాతయ్యని సాగనంపాక ఈ ఇద్దరూ ఒక మాట మీద నిలబడింది లేదు.

కాబట్టి నువ్వు ఆ బిల్లులో ఒక్క లైను పెట్టాలి. "ఇంటి ఆడపడుచు తన గదిలోకి ఎవరిని తెచ్చుకోవాలో ఆమె ఇష్టం" అని. కుక్కల లైసెన్సుల పక్కన పెట్టు, ఎవరూ చూడరు.

నీ అత్త

తా.క. నువ్వు పంపిన గౌను నడుము వదులు చేశాను. తినడం తగ్గించమని చెప్పను, నా పని పోతుంది.


బిల్లుల విభాగం, రెండో అంతస్తు,
ఫిబ్రవరి 11

అత్తా,

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివి నవ్వాను, నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. పక్క సీటావిడ, "ఇంట్లో ఎవరైనా పోయారా" అని అడిగింది. మా అత్త పెళ్ళి చేసుకుంటోందన్నాను. ఆవిడ ఇంకా కంగారుపడింది.

నాకెంత సంతోషంగా ఉందో రాయడం చేతకావడం లేదు. కానీ లైను పెట్టడం నా వల్ల కాదు. బిల్లు రాసేది నేననుకుంటున్నావు. నేను నంబర్లు చూస్తాను, అంతే. మధ్యలో కొత్త క్లాజు ఒకటి చేరితే కిందవన్నీ ఒక్కో మెట్టు దిగుతాయి. "ఎనభై నాలుగో క్లాజులో చెప్పినట్టు" అని ఎక్కడెక్కడ ఉందో వెతికి ఎనభై ఐదు చేయాలి. చేసి లేచేలోపు ఇంకో మంత్రిగారి గుమాస్తా ఇంకో క్లాజుతో వస్తాడు. దీని అసలు పేరు "వివిధ చట్టాల సవరణ, క్రమబద్ధీకరణ, తదితర అంశాల బిల్లు". మేము కలగూరగంప అంటాం. ఆ తదితరలో ఏముందో మా పెద్దసారుకి కూడా తెలియదు.

ఎందుకు కలుపుతారని నేనూ మొదట్లో అడిగాను. విడివిడిగా పెడితే తేనెటీగలవాళ్ళు బాయిలర్లని ఓడిస్తారు, బాయిలర్లవాళ్ళు శ్మశానాలని ఓడిస్తారు. అన్నీ ఒకే గంపలో పెడితే తన ముక్క కోసం ప్రతివాడూ అందరి ముక్కలకీ చేయెత్తుతాడు. కాదంటే తనదీ పోతుంది మరి.

ఇంట్లో నువ్వూ ఒకటి పెట్టరాదూ? నాన్నకి ట్యాంకు, బాబాయికి వ్యాను నిలుపుకునే చోటు, మధ్యలో నీ పెళ్ళి. ఇద్దరూ చచ్చినట్టు ఒప్పుకుంటారు.

కళ్ళజోళ్ళాయనకి నా నమస్కారాలు. ఇక జేబులు కత్తిరించొద్దని చెప్పు.

నీ కోడలు


కుట్టు దుకాణం,
ఫిబ్రవరి 17

నా బంగారు కోడలికి,

నీ బుర్రకి నా కత్తెర పదును కూడా చాలదు. నువ్వు చెప్పినట్టే బిల్లు రాశాను. కొలతలు గీసుకునే గోధుమరంగు కాగితం మీద, అందరికీ కనిపించేలా పెద్ద అక్షరాలతో. పేరు కూడా పెట్టాను: పై గది, నీళ్ళ ట్యాంకు, తదితర అంశాల బిల్లు.

మొదటిది ట్యాంకు, మీ నాన్న చెప్పిన చోటే కట్టడం. తర్వాత మీ బాబాయి వ్యాను గేటు లోపల నిలపడం. మీ అమ్మకి బట్టలారేసుకోవడానికి వెనక వరండా మొత్తం. నా మరదలికి మేడమీద పూలకుండీల చోటు. గోడకి రంగు. ఆరోది నా పెళ్ళి, పై గదిలో కాపురం. ఏడోది గేటు గొళ్ళెం. నాది ముందు పెడితే కళ్ళలో పడుతుంది, చివర పెడితే అనుమానమొస్తుంది. అందుకని గొళ్ళేనికి ముందు పెట్టాను.

కళ్ళజోళ్ళాయనకి చూపించాను. "రంగుకీ గొళ్ళేనికీ మధ్య ఉన్నామన్నమాట" అని నవ్వాడు. కొంచెం నొచ్చుకున్నాడనిపించింది. మగవాళ్ళకి ఎత్తులు తెలియవులే అనుకుని ఊరుకున్నాను.

నిన్న కాగితం భోజనాల బల్ల దగ్గర గోడకి అంటించాను. మీ నాన్న ట్యాంకు దాకా చదివి, బాగా రాశావన్నాడు. మీ బాబాయి ఒకటోది వదిలేసి రెండోది చదివి, బాగా రాశావన్నాడు. మొత్తం చదివింది నా మరదలొక్కతే.

"వదినా, ఆరోది నిజమేనా?" అంది.

"నిజమే."

"మరి పిల్లల్ని బడినుంచి ఎవరు తెస్తారు?"

అప్పుడు అందరూ మళ్ళీ వచ్చి ఆరోది చదివారు. మీ నాన్న పెళ్ళి గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా, "చర్చ జరగాలి" అన్నాడు. వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం పెట్టుకున్నాం. ఇంకా ఏమైనా చిట్కాలుంటే వెంటనే రాయి.

నీ అత్త


బిల్లుల విభాగం,
ఫిబ్రవరి 22

అత్తా,

నేను తమాషాకన్నాను. నువ్వు గోడకంటించేశావు. అయిందేదో అయింది, ఇప్పుడు జాగ్రత్తగా విను.

విడగొట్టి ఒక్కోదాని మీద చేతులెత్తుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. విడగొడితే గొళ్ళెం కూడా నెగ్గదు. కాదనేవాళ్ళతో భయం లేదు, "ఔను, కానీ" అనేవాళ్ళని కనిపెట్టుకుని ఉండు. మా దగ్గర బిల్లు నాలుగు వందల పేజీలైంది ఆ "కానీ"లతోనే. ఎవరేం కలపమన్నా అక్కడికక్కడే కాగితం మీద రాయి, రేపు మాట మార్చకుండా. ఇంకోటి, ఎవరూ వాడరు గానీ రూల్సులో ఉంది: చేతులెత్తడం పూర్తయ్యేలోపు, పెట్టినవాళ్ళు తమ బిల్లుని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

ఇక్కడ మా అవస్థలు చెప్పనలవి కావు. ఈ వారం ఐస్ బండ్ల గంట చప్పుడు చేరింది, కరెంటు స్తంభాల మీద ప్రకటనలు చేరాయి, కళ్ళజోళ్ళ దుకాణాల తనిఖీ చేరింది. ఐస్ బండి వెళ్ళి అరవై ఒకటో నంబరులో కూర్చోవడంతో మూడొందల క్లాజులు కిందికి జరిగాయి. అంకెలు చూసీ చూసీ నాకు కళ్ళజోడు మార్చాల్సి వచ్చేలా ఉంది. ఎవరి దగ్గరికి రావాలో తెలుసులే.

నీ కోడలు


కుట్టు దుకాణం,
ఫిబ్రవరి 26

అమ్మాయికి,

పేపరు చూశాను. మీ బిల్లులో ఏముందో వరసగా వేశారు. "కళ్ళజోళ్ళ దుకాణాలు ఏటా నీటి ఒత్తిడి పరీక్షకు నిలబడవలెను. నిలబడని పక్షంలో మూసివేయబడును." నాలుగుసార్లు చదివాను.

ఏమిటిది? దుకాణాన్ని ముంచుతారా, మనిషిని ముంచుతారా? ఆయనకి ఈత కూడా రాదు. పైకి నవ్వుతున్నాడు గానీ, నిన్న సాయంత్రం అద్దాల పెట్టెలు అట్టపెట్టెల్లో సర్దడం నా కిటికీలోంచి చూశాను. ఎందుకని అడిగితే, "ఎటూ గది ఖాళీ చేయాలిగా" అన్నాడు.

నేను ఆరోది గోడకంటించిన పదిరోజులకి మీ బిల్లులో కళ్ళజోళ్ళు వచ్చిపడ్డాయి. నువ్వే రాశావు "చేరింది" అని, అదేదో వాన పడింది అన్నట్టు. మీ నాన్న చెప్పి చేయించాడా? చెల్లెలి మొహం మీద కాదనలేక, కూతురి చేత దేశానికంతా చట్టం చేయించాడా? నమ్మి నీకొక్కదానికే చెప్పుకున్నాను. కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకోను?

ఇట్లు,
కుట్టు దుకాణం యజమానురాలు

తా.క. గౌను తయారైంది. పంపుతున్నాను. అది నీ మీద కోపంతో సంబంధం లేని విషయం.


బిల్లుల విభాగం,
మార్చి 2

అత్తా, అత్తా, అత్తా,

నాన్న నాకు ఉత్తరం రాసి రెండేళ్ళయింది. అదీ నా పాత సైకిలు అమ్మేయనా అని. ఆయనకి కూతురి చేత చట్టం చేయించేంత ఓపికే ఉంటే ట్యాంకు ఎప్పుడో కట్టేవాడు.

తప్పు నాది, ఐస్ బండిది. అది మధ్యలో దూరినప్పుడు బాయిలర్ల పరీక్ష క్లాజులో నంబరు మార్చడం మరిచిపోయాను. దాంతో బాయిలర్లకి పెట్టిన నీటి ఒత్తిడి పరీక్ష వెళ్ళి కళ్ళజోళ్ళ దుకాణాల మీద పడింది. నీ ఉత్తరం చూశాక ముందూ వెనకా వెతికితే ఇంకా ఉన్నాయి. బాయిలర్లకి దూరపు చూపు సరిగ్గా ఉండాలి. తేనెటీగలు బండి వెనక్కి నడిపి చూపించాలి. కుక్కలని అర్ధఎకరం చొప్పున పాతిపెట్టాలి. ఇన్ని పేజీలూ మంత్రులు చూశారు, కమిటీ చూసింది, పేపరువాళ్ళు అచ్చేశారు. ఒక్కరికీ అనుమానం రాలేదు.

దిద్దిన కాగితాలు పట్టుకెళితే మా పెద్దసారు, "ఎలా పట్టుకున్నావమ్మా" అన్నారు.

"మా అత్త తిట్టింది సార్" అన్నాను.

"మిగతా పేజీలు కూడా ఆవిడకి పంపించు" అన్నారు.

ఆయన్ని అట్టపెట్టెలు విప్పమను. కళ్ళజోళ్ళవాళ్ళు ఇప్పుడు ఏడాదికోసారి అద్దం తుడిచి చూపిస్తే చాలు. నామీద కోపం పోయిందని ఒక్క ముక్క రాయి. గౌను వేసుకుందామంటే మనసొప్పడం లేదు.

నీ కోడలు (ఇప్పటికీ)


కుట్టు దుకాణం,
మార్చి 9

కోడలు పిల్లకి,

కోపం నీ ఉత్తరం మొదటి పేజీలోనే పోయింది. గౌను వేసుకో. ఇంత ఆలస్యంగా రాస్తున్నానంటే, ఇక్కడ జరిగింది నాకే అర్థం కావడానికి కొంత టైము పట్టింది.

ఆదివారం అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. మీ నాన్న చెంచాతో గ్లాసు మీద కొట్టి చర్చ మొదలన్నాడు. విడగొడదామని ఎవరైనా అంటారేమోనని నేను కాచుకుని కూర్చున్నాను. ఎవరూ అనలేదు. అసలు కాదన్నవాళ్ళే లేరు. మీ నాన్న నా వంక చూసి, "మంచివాడేనమ్మా, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. నా గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ వెంటనే, "కానీ పొద్దుటి వంట మాత్రం ఎప్పట్లా నువ్వే చూసుకోవాలి" అన్నాడు.

నువ్వు చెప్పావు కదా అని రాసుకున్నాను. మీ బాబాయి, "నాకూ ఇష్టమే అక్కా. కానీ ఆయన ఎటూ ఇంట్లోనే ఉంటాడు కాబట్టి మోటారు వేసి ట్యాంకు నింపే పని ఆయనది" అన్నాడు. రాశాను. పిల్లల్ని బడినుంచి తేవడం నాదే అని నా మరదలు. రాశాను. అందరి బట్టల కుట్లూ ఇప్పట్లాగే ఊరికే అని మీ అమ్మ. నొచ్చుకోకు, ప్రేమగానే అంది. అందరి కళ్ళజోళ్ళూ ఆయన ఊరికే చేయాలి, రాత్రి ఎనిమిది దాటాక దుకాణంలో ఉండకూడదు, మేడమీద నడిస్తే కింద చప్పుడు రాకూడదు. ఆరోది కాగితం చివరి దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

"ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు మీ నాన్న. నాలుగు చేతులూ లేచాయి. అన్నదమ్ముల చేతులు ఒకేసారి లేవడం చూసి నా మరదలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా చేయి మాత్రం లేవలేదు. నేనేమీ పట్టుబట్టి ఆపలేదు. లేవలేదంతే.

"ఏమ్మా, నీ బిల్లే కదా" అన్నాడు మీ నాన్న.

"ఆరోది ఒకసారి చదవన్నయ్యా" అన్నాను.

చదివాడు. వంట, మోటారు, బడి, కుట్లు, కళ్ళజోళ్ళు. చదువుతున్నకొద్దీ గొంతు తగ్గిపోయింది.

"అందులో నా పెళ్ళి ఎక్కడుంది?" అన్నాను.

కాగితం తిప్పాడు. మళ్ళీ ఇటు తిప్పాడు. ఉండటం ఉంది, మొదటి లైనులోనే ఉంది. దాని కింద ఇన్ని వచ్చిపడేసరికి ఆయనకి కనపడలేదు. మీ బాబాయి వంగి వేలుపెట్టి చూపించాడు.

"నేను వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను.

"అందరం ఒప్పుకున్నాక వెనక్కి తీసుకోవడమేంటక్కా?" అన్నాడు మీ బాబాయి. నా చేయి ఇంకా లేవలేదుగా, అప్పటిదాకా పెట్టినవాళ్ళు తీసుకోవచ్చు, పెద్ద సభలోనే ఉంది, నా కోడలు రాసిందన్నాను. ట్యాంకు సంగతేంటని మీ నాన్న అడగబోయి ఆగిపోయాడు. "మరి పెళ్ళి?" అన్నాడు.

"అది మీరు చేతులెత్తేది కాదన్నయ్యా. అది నేను చేసుకునేది."

కాగితం మడిచి చేతిలో పట్టుకుని పైకి వెళుతుంటే మెట్ల దగ్గరికి వచ్చాడు. "మేం కాదంటామనుకున్నావా?" అని అడిగాడు.

"కాదంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. మీరు ఔనన్నారు" అన్నాను. గదిలోకి వెళ్ళి ఏడ్చాను కూడా. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు పిల్లా. అందుకే అంత బాధేసింది.

మర్నాడు కళ్ళజోళ్ళాయనతో అంతా చెప్పాను. "హమ్మయ్య, మోటారు తప్పింది" అన్నాడు ముందు. తర్వాత నా చేయి పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి ఇల్లు వెతికాం. రెండు వీధుల అవతల సైకిలు షాపు మీద రెండు గదులు దొరికాయి. కిటికీ పెద్దది, కుట్టుమిషనుకి వెలుగు బాగుంటుంది. పై గది ఉండగా ఇంకో చోటు వెతుక్కోవచ్చని నాకు ఎప్పుడూ తట్టనే లేదు.

పద్దెనిమిదిన పొద్దున రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి. సాక్షులు ఇద్దరు కావాలి. సైకిలు షాపాయన ఒకరు. రెండోది నువ్వు. రాకపోతే ఊరుకోను.

నీ అత్త


బిల్లుల విభాగం,
మార్చి 14

అత్తా,

నీ ఉత్తరం పక్క సీటావిడకి చదివి వినిపించాను. ఈసారి ఆవిడ ఏడ్చింది.

ఇంక నేను రాయాల్సింది రాయలేకపోతున్నాను. పద్దెనిమిదినే సభలో బిల్లు మీద ఓటింగు. మా విభాగంలో ఎవరికీ సెలవు లేదు. పెద్దసారుని బతిమాలాను. "మీ అత్తకి నేను రుణపడి ఉన్నానమ్మా, కానీ" అన్నారు. ఆ కానీ వినగానే లేచి వచ్చేశాను. ఈ ఉద్యోగంలో చేరాక ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. నా కళ్ళముందు తేనెటీగలు, కుక్కలు, స్తంభాలు, అన్నీ ఉంటాయి. నువ్వుండవు.

రెండో సాక్షి ఎవరు? అమ్మని అడుగు. మోకాలి నొప్పి తగ్గిందన్నావుగా. నాన్నని అడగమని చెప్పే ధైర్యం నాకు లేదు.

నీ కోడలు


సైకిలు షాపు పైన,
మార్చి 20

కోడలు పిల్లకి,

కొత్త చిరునామా చూసుకో. బిల్లు నెగ్గిందని పేపర్లో చదివాను. అందులో తప్పులు దిద్దడానికి వచ్చే నెల ఇంకో బిల్లు పెడతారని ఆ కిందే ఉంది. నీ ఉద్యోగానికి ఢోకా లేదులే.

నువ్వు రాలేదని నాకు కోపం లేదు, బెంగ ఉంది. రెండో సాక్షిగా మీ అమ్మని అడుగుదామనుకుని అడగలేకపోయాను. నా కాళ్ళ మీద నేను నిలబడతానన్నదాన్ని, మళ్ళీ ఆ గడప తొక్కి ఏం అడగను? దారినపోయేవాళ్ళని పిలుద్దామని కళ్ళజోళ్ళాయన అన్నాడు. అలాగే అనుకుని ఆఫీసు బయట నిలుచున్నాం. సైకిలు షాపాయన కూడా ఎంతకీ రాలేదు, బేరం తగిలిందట.

వీధి ఈ చివరినుంచి మీ నాన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఇస్త్రీ ఆయనే చేసుకున్నాడని కాలరు చూస్తే తెలిసింది. ఆ చివరినుంచి మీ బాబాయి వ్యానులో దిగాడు. ఒకరొస్తున్నట్టు ఒకరికి తెలియదు. ఇద్దరూ నా ముందుకొచ్చి ఒకరినొకరు చూసుకుని ఇబ్బందిగా నిలబడ్డారు. "సాక్షులు ఇద్దరు కావాలటగా" అన్నాడు మీ నాన్న. ఎవరు చెప్పారని నేను అడగలేదు. నువ్వే రాసి ఉంటావు, మీ నాన్నకి.

సంతకాల దగ్గర మాత్రం పేచీ వస్తుందని భయపడ్డాను. మీ నాన్న కలం తీసుకుని, ఒక్క క్షణం ఆలోచించి, "ముందు నువ్వు పెట్టరా" అని తమ్ముడికిచ్చాడు. ఆ కాగితం మీద ఇద్దరి పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

అంతకుముందు రిజిస్ట్రారు నన్నొక మాట అడిగాడు. పాపం ఆయనకి రోజూ అడిగేదే, తలెత్తకుండానే అడిగాడు.

"ఈయన్ని పెళ్ళి చేసుకోవడం మీకు ఇష్టమేనా?"

"ఇష్టమే" అన్నాను.

వెనక మీ నాన్న, మీ బాబాయి ఉన్నారు. అలవాటు కొద్దీ కాసేపు ఆగాను. ఎవరూ ఏమీ కలపలేదు.

నీ అత్త